జొన్నరొట్టె సీమలో గోధుమ రోటీ

అన్నాన్ని అమ్ముకొనరాదన్నది మన పెద్దల మాట. అతిథికి పెట్టవచ్చును, ఆకలిగొన్నవానికి పంచవచ్చును. గాని వండిన అన్నానికి వెల కట్టడం దోషమని ధర్మశాస్త్రాలు భావించినవి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని గృహస్థధర్మాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు, ఋతువు ఋతువుకూ తగినట్లుగా ఆయన అతిథులకు పెట్టిన భోజనాన్ని ఏరి కోరి వర్ణించినాడు. వానకాలంలో ఒక తీరు, ఎండకాలంలో ఒక తీరు, చలికాలంలో మరొక తీరు. ఆ విస్తళ్ళలో దేనికీ వెల లేదు.

అయితే బాటసారికి ఆకలి శాస్త్రం చూచి పుట్టదు. రాజధానికి వ్యవహారంమీద వచ్చినవాడు, కోర్టు వ్యాజ్యానికి వచ్చినవాడు, చదువుకై వచ్చిన కుర్రవాడు ఎక్కడ తినాలి? వారికొరకే పూటకూటి ఇండ్లు వెలసినవి. సుమారు ఆరువందల ఏండ్లనాటి క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీథులన్నీ తిరిగి తిరిగి, మధ్యాహ్నపు వేళకు లక్ష్మణవజ్ఝలవారి పూటకూటి ఇంటిని తలచుకొంటారు. అక్కడ ఒక్క రూకకు దొరికే వస్తువులను కవి వరుసగా చెప్పినాడు. సన్నబియ్యపు అన్నం, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, గుప్పెడు పంచదార, అరటిపండ్లు, నంజుళ్ళు, పెరుగు. ఆ వరుసలోనే గోధుమపిండివంట కూడ ఉన్నది. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) చదివినవారికి, మనవారి తిండిని తెలుసుకొనడానికి ఇటువంటి పద్యాలు ఎంత ఆధారమో వేరుగా చెప్పనక్కర లేదు. తెలుగువాడు వెల ఇచ్చి గోధుమ వంటకం తినడం నిన్న మొన్నటి నాగరికత కాదన్న సంగతిని మాత్రం ఇక్కడ గుర్తుంచుకొనాలి.

కన్యాశుల్కం నాటికి పూటకూళ్ళమ్మ విజయనగరంలో స్థిరపడిపోయినది. గురజాడవారు ఆమెకు పేరైనా పెట్టలేదు. వృత్తియే ఆమె పేరు. గిరీశం వంటివానికి అన్నం పెట్టినందుకు ఆమె పడిన పాట్లు విద్యార్థులందరికీ తెలిసినవే. అన్నం అమ్మడంలో కొంత నామోషీ, తినడంలో మరికొంత నామోషీ ఆ రోజులలో కలిసి ఉండేవి. నేడు ఆ నామోషీ తుడిచిపెట్టుకొని పోయినది. పైగా, సెలవునాడు కుటుంబమంతా కలిసి బయట తినడం ఒక చిన్న పండుగగా మారినది. ఆ పండుగకు పట్టణాలలో ఎక్కువమంది ఎంచుకొనే స్థలాలలో ఒకటి ‘నార్త్ ఇండియన్’ అని బోర్డు కట్టిన భోజనశాల.

కళ్యాణదుర్గం అనంతపురం జిల్లాకు పడమటి భాగాన, కన్నడ సరిహద్దుకు చేరువగా ఉన్న ఊరు. దేశంలో రాజస్థానంలోని జైసల్మేరు తరువాత అతి తక్కువ వర్షం పడే జిల్లా అని అనంతపురానికి పేరు. సంవత్సరమంతా కలిపి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా వేళకు పడుతుందన్న నమ్మకం లేదు. ఎర్రనేల, లోతు తక్కువ మన్ను, మధ్య మధ్య గుండ్లగుట్టలు. ఇటువంటి నేలమీద వరి అన్నం పండుగనాటి మాటగా ఉండేది. రోజుటి మాట జొన్న, కొర్ర, సజ్జ, రాగి. పల్నాటి సీమకు పోయి జొన్నకూడు తప్ప మరొకటి దొరకక శ్రీనాథుడు విసుగుకొన్నట్లు చాటువులలో వినబడుతుంది. ఆ మహాకవి కళ్యాణదుర్గం వైపు వచ్చి ఉంటే ఆ విసుగు తగ్గేది కాదు కాబోలు. గాని జొన్నతో బ్రతికిన ప్రజకు జొన్నమీద విసుగు లేదు. దానిచుట్టూ వారొక పాకశాస్త్రాన్నే నిర్మించుకొన్నారు.

జొన్నరొట్టె చేయడం చూచినవారికే దాని కష్టం తెలుస్తుంది. గోధుమపిండిలో నీళ్ళు పోసి పిసికితే బంక పుడుతుంది. ఆ బంక ఉన్నది కనుకనే దానిని కర్రతో పలుచగా వత్తవచ్చును, చాచవచ్చును, మడవవచ్చును. జొన్నపిండిలో ఆ గుణం లేదు. మరిగిన నీళ్ళు పోసి, చేయి కాలుతూండగానే మర్దించి, ముద్దను పీటమీద పెట్టి అరచేతితో తట్టుతూ త్రిప్పుతూ పోవాలి. అంచు పగిలితే రొట్టె చెడిపోయినట్లే. పెనంమీద వేసిన తరువాత పైభాగాన తడి అద్ది, నీరు ఇంకగానే తిరగవేసి, చివరకు నిప్పుల సెగకు పొంగిస్తారు. ఆ రొట్టెకు తోడు శెనక్కాయ విత్తనాల ఊరిబిండి, వంకాయకూర, పచ్చి ఎర్రగడ్డ. కోస్తా జిల్లాల పాఠకులు ఎర్రగడ్డ అనగా ఉల్లిపాయ అని గ్రహింతురు గాక. వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ. ఈ సీమ మాటలు వంటింటిలోనే భద్రంగా నిలిచి ఉన్నవి.

మరి ‘ఉత్తరాది’ అన్న మాట కళ్యాణదుర్గం వాసికి ఎక్కడ మొదలవుతుంది? గుంటూరు మనిషికి రొట్టె అంటేనే ఉత్తరాది. కళ్యాణదుర్గం మనిషికి అలా కాదు. సరిహద్దు దాటి బళ్ళారి వైపు పోతే ‘జోళద రొట్టి’. ఇంకా ఉత్తరంగా ధారవాడ, హుబ్బళ్ళి చేరితే ఖానావళులలో అదే రొట్టె బల్లమీదికి వస్తుంది. రొట్టెను ఒక చేతితో తుంచి, కూరను దానితోనే అందుకొని తినే విద్య అతనికి పసితనంలోనే అబ్బినది. అందుచేత బెంగుళూరులోనో, అనంతపురంలోనో ఉత్తరాది భోజనశాలలో కూర్చున్నప్పుడు అతనికి చేతులలో తడబాటు ఉండదు. అతని తడబాటు వేరొకచోట ఉన్నది.

దానికి ముందు ఆ రోటీ వచ్చిన దారిని కొంచెం చూడాలి. మట్టితో కట్టి, లోపల నిప్పు వేసి, గోడకు రొట్టె అంటించి కాల్చే పొయ్యి అతి ప్రాచీనమైనది. రాజస్థానంలోని కాలీబంగన్ వద్ద సింధు నాగరికత కాలపు మట్టిపొయ్యిలు ఇటువంటివి త్రవ్వకాలలో బయటపడినవి. ‘తందూర్’ అన్న మాట పారసీకం ద్వారా మనకు వచ్చినది. దాని మూలం ఇంకా వెనుకకు, ప్రాచీన మెసపొటేమియాలోని అక్కడ్ భాషదాక పోతుందని భాషావేత్తలు చెప్పుతారు. పంజాబు పల్లెలలో ఊరుమ్మడి తందూరు ఉండేది. ఇంటింటి స్త్రీలు పిండిముద్దలు తెచ్చుకొని ఒకే పొయ్యిలో కాల్చుకొని పోయేవారు. దానికి ‘సాంఝా చూల్హా’ అని పేరు. సాంఝా అనగా ఉమ్మడి.

1947లో దేశం రెండుగా చీలినప్పుడు ఈ పొయ్యి కూడ కాందిశీకుల వెంట ఢిల్లీ చేరినది. పెషావరులో భోజనశాల నడిపిన అనుభవంతో కుందన్‌లాల్ గుజ్రాల్, ఆయన భాగస్వాములు ఢిల్లీ దరియాగంజ్‌లో ‘మోతీ మహల్’ తెరచినారు. తందూరులో కాల్చిన కోడిని టమోటా, వెన్న కలిపిన రసంలో వేసిన ‘బట్టర్ చికెన్’ అక్కడినుండి దేశమంతటా ప్రాకినది. దానిని మొదట చేసినది ఎవరన్న విషయమై ఇద్దరు భాగస్వాముల వారసులు 2024లో ఢిల్లీ హైకోర్టుకు ఎక్కినారు. కూరకొక వ్యాజ్యం! ఇల్లూ పొలమూ సర్వం విడిచి వచ్చినవారికి చేతిలో మిగిలిన ఆస్తి వంట ఒక్కటే అయినప్పుడు, ఆ ఆస్తికొరకు తగవు పుట్టడం వింత ఏమీ కాదు. ‘కసూరీ మేథీ’ అని వంటవారు చల్లే ఎండు మెంతాకు పేరులోని కసూరు నేడు పాకిస్తాను పంజాబులో ఉన్న పట్టణం. సరిహద్దు గీసినవారు ఊరును అటు ఉంచగలిగినారు గాని, ఆకు పేరును ఆపలేకపోయినారు.

పంజాబు నుండి తెలుగునాటికి ఆ వంటను తెచ్చినవారిలో లారీ డ్రైవర్ల పాలు గొప్పది. శ్రీనగరునుండి కన్యాకుమారి వరకు పోయే 44వ జాతీయ రహదారి జలంధరు, లూధియానా, ఢిల్లీ, నాగపురం, హైదరాబాదు, కర్నూలు దాటి అనంతపురం మీదుగానే బెంగుళూరు చేరుతుంది. దారి పొడుగునా వెలసిన దాబాలు మొదట లారీవారికి, తరువాత కార్లవారికి, చివరకు ఊరివారికి అన్నశాలలైనవి. ఆ మాటను మనవారు ‘డాబా’ అని పలికి, పైకప్పు ఉన్న మేడగా మార్చుకొన్నారు; బోర్డులమీద రెండు వ్రాతలూ కనిపిస్తవి. ఇట్టిదే మరొక మాట. పాలను విరిచి చేసే ‘పనీర్’ను మన బోర్డులు చాలచోట్ల ‘పన్నీర్’ అని వ్రాస్తవి. తెలుగులో పన్నీరు అనగా పెండ్లిలో అతిథులమీద చిలకరించే గులాబినీరు. ‘పన్నీర్ బట్టర్ మసాలా’ అని చదివిన పాతకాలపు పండితుడు దానిని ఏమని ఊహించుకొనునో ఆలోచించదగినదే. ‘నాన్’ పారసీకంలో రొట్టె. కనుక ‘నాన్ రొట్టె’ అనడం ‘రొట్టె రొట్టె’ అనడమే. ‘దాల్ మఖనీ’ని చూచి అదేమి వింత వంటకమో అనుకొంటారు గాని, అందులో ముఖ్యమైనది మన ఇడ్లీకి నానబోసే మినుములే, పొట్టు తీయకుండ గంటలకొలది ఉడికించి వెన్న వేస్తారు. ఇక టమోటా, బంగాళాదుంప, రాజ్మా, మిరపకాయ అన్నీ పోర్చుగీసుల కాలం తరువాత అమెరికా ఖండాలనుండి వచ్చి చేరినవే. అవి తీసివేస్తే ఉత్తరాది పట్టికలో మిగిలేది కొద్ది. ఊరిబిండిలోని శెనక్కాయ, మిరప కూడ ఆ సముద్రాలు దాటి వచ్చినవే గనుక మనమూ నవ్వడానికి వీలులేదు.

ఇప్పుడు ఆ తడబాటు సంగతి. కళ్యాణదుర్గం ప్రాంతంనుండి కూలికై, చదువుకై, ఉద్యోగానికై బెంగుళూరు చేరినవారు ఎందరో ఉన్నారు. కుమారునికి జీతం వచ్చిన తొలి నెలలలో ఊరినుండి వచ్చిన తల్లిదండ్రులను ఒక ఆదివారం సాయంకాలం ఇటువంటి భోజనశాలకు పిలుచుకొని పోతాడు. అటువంటి కుటుంబాలను ఏ వారమైనా చూడవచ్చును. పట్టిక ఇంగ్లీషులో ఉంటుంది; కుమారుడే చదివి చెప్పుతాడు. తండ్రి వినేది వంటకాల పేర్లను కాదు, ప్రక్కనున్న అంకెలను. రోటీకి ఒక వెల, వెన్న పూస్తే ఒక వెల, కూరకు వేరు, అన్నానికి వేరు. మొదటి రోటీ వస్తుంది, అయిపోతుంది.

“ఇంగొకటి తెప్పిచ్చేదా నాయనా?”

“వద్దప్పా, కడుపు నిండింది.”

నిండలేదన్న సంగతి బల్ల చుట్టూ ఉన్న ముగ్గురికీ తెలుసు. తెలుగు విస్తరికి ‘మారు’ అన్న ధర్మం ఉన్నది. అడుగకముందే మారు వడ్డించాలి. వద్దన్నా కొసరి వడ్డించాలి. తినేవాని ముద్దలు లెక్కపెట్టరాదు. మన పట్టణాల ‘మీల్స్’ హోటళ్ళు ఒక వెలకు కడుపునిండ అని బోర్డు కట్టి ఆ ధర్మాన్ని కొంతవరకు నిలబెట్టినవి. ఉత్తరాది బల్లమీద రొట్టెలు ఒకటి, రెండు, మూడు అని చీటీమీద ఎక్కుతవి. ఇది ఉత్తరాదివారి లోభం కాదు. పంజాబీ ఇంటిలోనూ రొట్టెమీద రొట్టె వేసి బలవంతపెట్టుతారు. లెక్క ఇంటి గుణం కాదు, అంగడి గుణం. అయినను, ఆ లెక్క ఈ సీమవారిని తాకినంతగా మరొకరిని తాకదు. దానికి కారణం చరిత్రలో ఉన్నది.

1876–78 సంవత్సరాలలో వచ్చిన ధాత కరువు నాడు కళ్యాణదుర్గం బళ్ళారి జిల్లాలో భాగంగా ఉండేది. అనంతపురం జిల్లా వేరుపడినది 1882లో. మదరాసు రాజధానిలో అతి ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాలలో ఇది ఒకటి. కరువు పనులలో రాళ్ళు కొట్టే కూలికి ఎంత ఇస్తే ప్రాణం నిలుస్తుందన్న లెక్కను సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో వేసినాడు. రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. మదరాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ అది చాలదని గట్టిగా వాదించినాడు. ఆయన వాదం గెలిచేలోపల ఎందరో పోయినారు. తరువాత 1950ల తొలి సంవత్సరాల కరువులో రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు వెలసినవి. ముంతలు పట్టుకొని జనం వరుసలలో నిలిచినారు. ఈ సీమలో తిండిని కొలిచి ఇవ్వడమనగా కరువు వచ్చినదని అర్థం. ఆ జ్ఞాపకం మూడు తరాలు దాటి, నగరపు భోజనశాలలో “వద్దప్పా” అన్న మాటలో పలుకుతున్నది.

ఇంతమాత్రాన పూర్వపు పంక్తియే స్వర్గమని అనడం సత్యం కాదు. మారు వడ్డించిన ఆ పంక్తిలోనే పంక్తిభేదం కూడ ఉండేది. కొందరికి లోపల, కొందరికి వసారాలో, కొందరికి వాకిటి అవతల. స్వాతంత్ర్యానికి పూర్వం మన పట్టణాలలో ‘బ్రాహ్మణుల హోటల్’ అన్న బోర్డులు బహిరంగంగానే వ్రేలాడేవి. ఉడిపివారు శుచిగా, చౌకగా ఇడ్లీ, కాఫీ అలవాటు చేసి మేలు చేసినారు; గాని అక్కడకూడ మొదటి రోజులలో ఎవరు ఎక్కడ కూర్చుండాలన్న నియమం ఉండేది. పేరులేని ఆ బాధను మార్చినది 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగం. దాని 15వ అధికరణం కులమతాల కారణంగా ఎవరికీ అంగళ్ళలో, హోటళ్ళలో, భోజనశాలలలో ప్రవేశం నిరాకరించరాదని వ్రాసినది. సమానత్వాన్ని గురించి పెద్ద మాటలు చెప్పుతూ, హోటలును పేరుపెట్టి పేర్కొనడం కొందరికి చిన్నవిషయంగా తోచవచ్చును. మంచినీళ్ళ గ్లాసు వేరుగా పెట్టించుకొన్నవానికి అది చిన్నవిషయం కాదు. డాక్టర్ అంబేద్కర్ ముసాయిదా సంఘానికి అధ్యక్షులుగా ఉండడంవల్ల ఆ వాక్యానికి వచ్చిన బరువు వేరు. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం కూడ వచ్చినది. వచ్చిన తరువాతకూడ చాలకాలం పల్లెటూరి టీ అంగళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి సాగినది.

‘పంక్తి’ అన్న మాట పంజాబులో ‘పంగత్’ అయినది. సిక్కుల గురుద్వారాలలో లంగరు అన్నం తినేవారు చక్రవర్తియైనా, చాకలియైనా ఒకే నేలమీద వరుసగా కూర్చుండాలి. ఆ వరుసకే ఆ పేరు. ఒకే సంస్కృత పదం ఒకచోట భేదానికి గుర్తుగా, మరొకచోట అభేదానికి గుర్తుగా నిలిచినది. పదాల చరిత్ర బోధించే ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం. లంగరుకూ భోజనశాలకూ పోలిక లేదనుకోండి. ఒకటి దానం, రెండవది వ్యాపారం. అయినా నగరపు ఉత్తరాది భోజనశాల తలుపు వద్ద ఏ ఇంటివారని ఎవరూ అడుగరు. వడ్డించేవాడు ఒడిశానుండి వచ్చి ఉండవచ్చును, తందూరు దగ్గర నిలిచినవాడు నేపాలీ కావచ్చును. ప్రక్క బల్లమీద ఎవరున్నారో తెలియదు, తెలుసుకొనాలన్న కోరికా లేదు. పల్లెలో తాత ప్రవేశించలేని ఇంటివాని మనుమడు, ఆ ఇంటివాని మనుమడూ ఒకే గిన్నెలోని దాల్‌ను రోటీతో అందుకొంటూ ఉండడం నేడు వింతగా చెప్పుకొనే విషయం కాదు. అడిగేది డబ్బును మాత్రమే. డబ్బు అడగడం కులం అడగడంకంటె మర్యాద అనే చెప్పాలి. అందరివద్దా అది ఉండదన్నది వేరే బాధ.

గోధుమ రోటీకి ఇంత గౌరవం దక్కుతుండగా జొన్నరొట్టె ఏమైనది? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినది. తరతరాలుగా వరి అన్నాన్ని పండుగకు దాచుకొన్న ఇండ్లలో అది రోజూ ఉడకసాగినది. దానిని తప్పుపట్టే హక్కు కడుపునిండిన వారికి లేదు. చేలలో అప్పటికే శెనక్కాయ వ్యాపించినది. దేశంలో దానిని అత్యధికంగా పండించే జిల్లాలలో అనంతపురం ఒకటైనది. నూనెగింజకు డబ్బు వచ్చును, వాన తప్పితే అప్పు వచ్చును. జొన్న, కొర్ర చేలు చిక్కిపోయినవి. వాటితోపాటు పశువుల మేతకు జొన్నచొప్ప తరిగినది. వేడినీళ్ళలో పిండి మర్దించే చేతులు ఇంటింటా తగ్గినవి. బడికి పోయే పిల్లలు డబ్బాలో జొన్నరొట్టె తెచ్చుకొనడానికి సిగ్గుపడిన కాలం కూడ ఒకటి నడిచినది.

తరువాత గాలి తిరిగినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినది. మధుమేహానికి మంచిదని వైద్యులు చెప్పసాగినారు. పెద్ద పట్టణాల భోజనశాలల పట్టికలలో జొన్నరొట్టె ఎక్కినది, కొన్నిచోట్ల తందూరీ రోటీకంటె ఎక్కువ వెలతో.

అనంతపురంలోనూ, చుట్టుపట్టు ఊళ్ళలోనూ సాయంకాలం కాగానే వీథి ప్రక్కన కట్టెలపొయ్యి వెలిగించి జొన్నరొట్టెలు తట్టి అమ్మే స్త్రీలు కనిపిస్తారు. గదులలో ఉండి చదువుకొనే విద్యార్థులు, కూలిపని ముగించుకొని వచ్చేవారు, ఇంట తట్టే ఓపిక లేని గృహిణులు, వైద్యుడు చెప్పగా వచ్చిన ఉద్యోగస్థులు పొయ్యి చుట్టూ నిలబడతారు. బల్ల లేదు, పట్టిక లేదు. ఆమె పీటమీద ముద్ద పెట్టి అరచేతితో త్రిప్పుతూ, అంచు పగలకుండ చూచుకొంటూ, ముందు వచ్చినవారు ఎవరో గుర్తుపెట్టుకొని వరుస తప్పకుండ ఇస్తుంది. కొన్నవారు కాగితంలో చుట్టించుకొని, అవి మెత్తబడకముందే ఇల్లు చేరాలని త్వరగా నడుస్తారు.